ద్రావణి ఆవిరుల ఉత్ప్రేరక శుద్ధి

పరిశ్రమల్లో సాల్వెంట్ అని పిలిచే ద్రావణి ఎక్కడ వాడినా అందులో కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి కలిసిన గాలిని పొగగొట్టంలోకి వదలకముందే 250 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒక ఉత్ప్రేరకం మీదుగా పంపి, ఆవిరిని కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మార్చడాన్ని ఉత్ప్రేరక శుద్ధి అంటారు. ఉత్ప్రేరక దహనం, ఉత్ప్రేరక ఆక్సీకరణం అన్నవి కూడా దీని పేర్లే. ఉత్ప్రేరకం లేకుండా కాల్చాలంటే 750 నుంచి 850 డిగ్రీల వేడి కావాలి. ఉత్ప్రేరకం ఉంటే అందులో దాదాపు సగం ఉష్ణోగ్రతకే పని పూర్తవుతుంది. ఇంధనం కలిసి వస్తుంది, మంట వేడికి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్ల బెడద దాదాపు ఉండదు.

అయితే ఈ పద్ధతి ప్రతి గాలికీ పనికిరాదు. లోపలికి వచ్చే గాలిలో ఏ ద్రావణి ఉందో, ఎంత ఉందో, ఏ వేళకు ఎలా మారుతుందో తెలిసినచోట ఇది ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తుంది. తెలియనిచోట కొద్ది నెలల్లోనే చతికిలబడుతుంది. తెలుగు నేల మీద ఈ రెండు రకాల పరిశ్రమలూ ఉన్నాయి.

ద్రావణి ఎక్కడ ఆవిరవుతుంది

రంగునో, జిగురునో, మందునో కరిగించి, పని అయ్యాక తప్పుకోవడం ద్రావణి పని. తప్పుకోవడమంటే చాలాచోట్ల ఆవిరి కావడమే. అందుకే ద్రావణి వాడే పరిశ్రమలో ఆరబెట్టే గదో, పొయ్యో, డ్రయ్యరో తప్పకుండా ఉంటుంది. అక్కడి నుంచి గాలిని బయటికి లాగే బ్లోయర్ కూడా ఉంటుంది.

వాహనాల పెయింట్ షాపుల నుంచి జైలీన్, బ్యూటైల్ అసిటేట్ వంటివి వస్తాయి. బిస్కెట్, షాంపూ పొట్లాల మీద బొమ్మలు ముద్రించే గ్రావ్యూర్ యంత్రాల నుంచి ఇథైల్ అసిటేట్, టోలీన్ వస్తాయి. బూట్ల జిగురులో టోలీన్, మిథైల్ ఇథైల్ కీటోన్, హెక్సేన్ ఉంటాయి. తోలుకు చివరి మెరుపు అద్దే లాకర్‌లో అసిటేట్లు ఉంటాయి. మోటారు చుట్టలకు వాడే రాగితీగ మీద ఎనామెల్ కాల్చే పొయ్యిల్లో క్రెసాల్, జైలీన్ ఆవిరవుతాయి. లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్ పూతలో ఎన్-మిథైల్ పైరోలిడోన్ అనే ద్రావణి వాడతారు. ఇది ఖరీదైనది కావడంతో కాల్చకుండా చల్లబరిచి తిరిగి పట్టుకుంటారు.

చిత్తూరు జిల్లా పడమటి కొసన ఉన్న బైరెడ్డిపల్లె, వి.కోట, కుప్పం మండలాల్లో టమాటా, పాడి, పట్టు బతుకుతెరువు. ఇక్కడ పెద్ద రసాయన పరిశ్రమలు లేవు. కానీ పొలిమేర దాటితే చుట్టూ ద్రావణి వాడే పరిశ్రమలే. తమిళనాడు వైపు ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో తోలు శుద్ధి, బూట్ల తయారీ సాగుతున్నాయి. హోసూరులో వాహనాల తయారీ ఉంది. కర్ణాటక వైపు కోలారు జిల్లా నరసాపురలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం మొదలైంది. వాయవ్యాన పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల తయారీ, తూర్పున శ్రీసిటీ పరిసరాల్లో హీరో మోటోకార్ప్ కర్మాగారం వచ్చాయి. బైరెడ్డిపల్లె, కుప్పం ప్రాంతాల నుంచి పొరుగు రాష్ట్రాలకు పనికి పోయేవారికి పెయింట్ బూత్, జిగురు బల్ల కొత్తవి కావు. వారు పీల్చే గాలికీ, కర్మాగారం పక్కనున్న ఊరు పీల్చే గాలికీ ఈ శుద్ధితో నేరుగా సంబంధం ఉంది.

శుద్ధి ఎందుకు

మొదటి కారణం ఆరోగ్యం. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమవుతుందని నిర్ధారణ అయింది. హెక్సేన్ ఏళ్ల తరబడి పీలిస్తే చేతులు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. జపాన్‌లోనూ ఇటలీలోనూ చెప్పుల జిగురుతో పనిచేసిన కార్మికుల్లోనే ఈ జబ్బును మొదట విస్తారంగా గుర్తించారు. మిథనాల్ కంటినరాన్ని, డైమిథైల్ ఫార్మమైడ్ కాలేయాన్ని, టోలీన్ మెదడును, నాడీ వ్యవస్థను దెబ్బతీస్తాయి.

రెండో కారణం ఓజోన్. ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఓజోన్, నేల మట్టాన ఊపిరితిత్తులను కోస్తుంది. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, ద్రావణి ఆవిరులు ఎండలో కలిసి ఈ ఓజోన్‌ను పుట్టిస్తాయి. లాస్ ఏంజలెస్ నగరాన్ని కమ్మిన పొగమంచుకు మూలం ఇదేనని 1950ల తొలినాళ్లలో రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ ప్రయోగాలతో చూపాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే మన ప్రాంతానికి ఇది మరింత వర్తిస్తుంది. పైగా ఓజోన్ పొగగొట్టం దగ్గర కాక, గాలి వాలున దూరాన తయారవుతుంది. దాని దెబ్బ ఊపిరితిత్తులకే కాదు, పంట ఆకులకూ తగులుతుంది.

మూడో కారణం నిప్పు. దాని సంగతి భద్రత భాగంలో వస్తుంది.

చరిత్ర

1817లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ వేడి ప్లాటినం తీగను బొగ్గు వాయువు, గాలి కలిసిన మిశ్రమంలో పెట్టాడు. మంట లేకుండానే తీగ ఎర్రగా కాలుతూ ఉండిపోయింది. మంట లేకుండా దహనం జరుగుతుందని లోకానికి తెలిసింది ఆ ప్రయోగంతోనే. 1823లో డోబెరైనర్ ప్లాటినం పొడి మీదికి హైడ్రోజన్ వదిలి దీపం వెలిగించాడు. ఇలాంటి చర్యలన్నిటినీ 1835లో బెర్జీలియస్ ఉత్ప్రేరణ అనే ఒక్క భావన కిందికి తెచ్చాడు. గంధకామ్లం తయారీకి ప్లాటినం వాడే పద్ధతికి 1831లోనే పేటెంట్ వచ్చినా, ముడి వాయువులోని ఆర్సెనిక్ ఆ ప్లాటినాన్ని చంపేయడంతో పద్ధతి నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది. శుభ్రం కాని గాలి ఉత్ప్రేరకానికి గిట్టదన్న పాఠం అలా మొదట్లోనే దొరికింది.

కలుషిత గాలి శుద్ధికి ఉత్ప్రేరకాన్ని వాడడం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఊపందుకుంది. పెట్రోలియం శుద్ధిలో పేరు మోసిన ఫ్రెంచ్ ఇంజినీరు యూజీన్ హూడ్రీ అమెరికాలో ఆక్సీ-కెటలిస్ట్ అనే సంస్థను స్థాపించి, కర్మాగారాల పొగకూ వాహనాల పొగకూ ఉత్ప్రేరక యంత్రాలు తయారు చేశాడు. పెట్రోలులోని సీసం వాహనాల ఉత్ప్రేరకాన్ని పాడుచేయడంతో కార్లకు అది 1975 మోడళ్ల దాకా అందలేదు. కర్మాగారాల్లో మాత్రం రాగితీగ ఎనామెల్ పొయ్యిల వంటి చోట్ల ముందే స్థిరపడింది. 1966లో లాస్ ఏంజలెస్ కౌంటీ రూల్ 66 పేరుతో ద్రావణి ఆవిరుల మీద ఆంక్షలు పెట్టింది. ఐరోపా సమాజం 1999లో ద్రావణుల మీదే ప్రత్యేకంగా ఒక ఆదేశం తెచ్చింది. భారత్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు 1995 నుంచి ఉత్ప్రేరక పరివర్తకం తప్పనిసరి అయింది. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది.

ఎలా పనిచేస్తుంది

టోలీన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని అణువులో 7 కార్బన్ పరమాణువులు, 8 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఒక టోలీన్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే 9 ఆక్సిజన్ అణువులు కావాలి. అప్పుడు 7 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 4 నీటి అణువులు వస్తాయి. ఈ చర్యలో వేడి విడుదలవుతుంది. అయినా చర్య తనంత తానుగా మొదలుకాదు, అణువుల్లోని బంధాలు ముందు సడలాలి. మంట ఆ పనిని తీవ్రమైన వేడితో చేస్తుంది. ఉత్ప్రేరకం మరో దారి చూపుతుంది. ప్లాటినం ఉపరితలం మీద ఆక్సిజన్ అణువు రెండుగా విడిపోయి అంటుకుంటుంది, పక్కనే టోలీన్ అంటుకుంటుంది, రెండూ అక్కడే కలుస్తాయి. ఏర్పడిన వాయువులు ఎగిరిపోగానే ఆ చోటు మరో అణువుకు ఖాళీ అవుతుంది.

లోహ ఆక్సైడ్ల దారి కొంచెం వేరు. అవి తమ స్ఫటికంలోని ఆక్సిజన్‌నే ద్రావణికి ఇచ్చేస్తాయి, ఆ ఖాళీని గాలిలోని ఆక్సిజన్‌తో పూడ్చుకుంటాయి. ఈ విధానాన్ని డచ్ శాస్త్రవేత్తలు మార్స్, వాన్ క్రెవెలెన్ 1954లో వివరించారు. సీరియం ఆక్సైడ్‌కు ఈ ఇచ్చిపుచ్చుకోవడం బాగా చేతనవును, అందుకే చాలా మిశ్రమాల్లో దాన్ని కలుపుతారు.

ప్రతి ద్రావణికీ, ప్రతి ఉత్ప్రేరకానికీ ఒక రాజుకునే ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకు కింద చర్య నత్తనడక నడుస్తుంది, దాటగానే ఒక్కసారిగా అందుకుంటుంది. మిథనాల్, ఫార్మాల్డిహైడ్ తేలికగా లొంగుతాయి. అన్నిటికన్నా మొండిది మీథేన్. ఉష్ణోగ్రత చాలకపోతే చర్య సగంలో ఆగే ప్రమాదమూ ఉంది. ఇథనాల్, ఇథైల్ అసిటేట్ అలా సగం కాలితే అసిటాల్డిహైడ్ వస్తుంది. దాని ఘాటు, చెరుపు అసలు ద్రావణిని మించి ఉంటాయి. యంత్రం నడుస్తున్నా ఊరికి కొత్త వాసన వస్తుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఉత్ప్రేరకం దిమ్మె

పరిశ్రమలో వాడే ఉత్ప్రేరకం చేతిలో పట్టే సిరామిక్ దిమ్మెలుగా వస్తుంది. ఒక దిమ్మె కొలత సుమారుగా 15 సెంటీమీటర్ల ఘనం. ఎదుటి నుంచి చూస్తే తేనెపట్టు మాదిరి వేల చదరపు రంధ్రాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా సూటిగా ఉంటాయి. చదరపు అంగుళానికి 200 రంధ్రాలున్న రకంలో చదరపు సెంటీమీటరుకు 31 రంధ్రాలు పడతాయి. దిమ్మెను కార్డియరైట్ అనే మెగ్నీషియం, అల్యూమినియం సిలికేట్‌తో చేస్తారు. వేడికి ఇది అతి తక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి పగుళ్లు రావు. రంధ్రాల గోడల మీద అల్యూమినా పొర పూస్తారు. గ్రాము అల్యూమినాలో వంద చదరపు మీటర్లకు పైగా ఉపరితలం దాగి ఉంటుంది. ప్లాటినం లేదా పల్లాడియం కణాలు ఆ పొరలో చెదురుగా అతుక్కుని ఉంటాయి.

విలువైన లోహాలకు బదులు మాంగనీస్, రాగి, కోబాల్ట్, క్రోమియం ఆక్సైడ్లు కూడా వాడతారు. ఇవి చవక, కొన్ని విషాలను మెరుగ్గా తట్టుకుంటాయి. కానీ చాలా ద్రావణులకు ఎక్కువ ఉష్ణోగ్రత, ఎక్కువ దిమ్మెలు కావాలి. రాగి, మాంగనీస్ కలిపిన హాప్‌కలైట్‌ను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కార్బన్ మోనాక్సైడ్ నుంచి కాపాడే ముసుగుల కోసం తయారు చేశారు.

యంత్రాంగం, ఒక లెక్క

గాలి ముందుగా వడపోత గుండా వెళ్తుంది. తర్వాత ఉష్ణ వినిమాయకంలో, శుద్ధి అయి బయటికి వెళ్తున్న వేడి గాలి నుంచి వేడి పుచ్చుకుంటుంది. చాలకపోతే బర్నరో, విద్యుత్ హీటరో మిగతా వేడి ఇస్తుంది. ఆపైన దిమ్మెల గదిలోకి వెళ్తుంది.

గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి, ప్రతి ఘనపు మీటరులో 3 గ్రాముల టోలీన్ ఉందనుకుందాం. అంటే గంటకు 30 కిలోల టోలీన్ పోతోంది. ఘనపు మీటరుకు ఒక గ్రాము టోలీన్ పూర్తిగా కాలితే గాలి వేడి సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది, కాబట్టి 3 గ్రాములకు 90 డిగ్రీలు పెరుగుతుంది. 300 డిగ్రీల వద్ద దిమ్మెలలోకి వెళ్లిన గాలి 390 డిగ్రీల వద్ద బయటపడుతుంది. ఉష్ణ వినిమాయకం ఆ వేడిలో నాలుగింట మూడు వంతులు రాబట్టగలిగితే, 30 డిగ్రీల వద్ద వచ్చే కొత్త గాలి 300 డిగ్రీలకు చేరుతుంది. ఇక బర్నర్ అక్కర్లేదు, ద్రావణే తన ఇంధనం. అదే గాలిలో అర గ్రామే ఉంటే వేడి 15 డిగ్రీలే పెరుగుతుంది, బర్నర్ రోజంతా మండాలి.

దిమ్మెల పరిమాణం కూడా ఇలాగే లెక్కిస్తారు. ఒక లీటరు ఉత్ప్రేరకం గంటకు 20,000 లీటర్ల గాలిని శుద్ధి చేస్తుందనుకుంటే 500 లీటర్ల ఉత్ప్రేరకం కావాలి. అంటే పైన చెప్పిన కొలతలో సుమారు 150 దిమ్మెలు. ఆ గదిలో గాలి నిలిచే సమయం సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. సరిగ్గా నడిచే యంత్రం ఆవిరిలో 95 నుంచి 99 శాతం వరకు నాశనం చేస్తుంది.

యంత్రాన్ని మొదలుపెట్టే క్రమం చాలా ముఖ్యం. ముందు శుభ్రమైన గాలితో లోపల మిగిలిన ఆవిరిని తోసేయాలి, తర్వాత దిమ్మెలను వేడి చేయాలి, వేడెక్కాకే ద్రావణి గాలిని లోపలికి రానివ్వాలి. చల్లని దిమ్మెల మీదికి ద్రావణి గాలిని వదిలితే ఆవిరి రంధ్రాల్లో పేరుకుపోతుంది. వేడి పెరిగే కొద్దీ అదంతా ఒకేసారి రాజుకుని దిమ్మెలు మాడిపోతాయి. యంత్రం చల్లగా ఉన్నంతసేపు ద్రావణి వాడే పని మొదలు కాకుండా తాళం ఉండాలి. శుద్ధి చేయని గాలిని పక్క గొట్టం గుండా ఆకాశానికి వదిలేస్తే ఖర్చుపెట్టి యంత్రం కొన్నందుకు ఫలం లేదు.

ఉత్ప్రేరకం ఎలా చస్తుంది

ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదన్నది పాఠ్యపుస్తకం మాట. కర్మాగారంలో మాత్రం అది సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లలో మార్చాల్సి వస్తుంది. దాన్ని దెబ్బతీసేవి మూడు. మొదటిది గాలితో వచ్చే విషం, మురికి. సీసం, ఆర్సెనిక్, పాదరసం, భాస్వరం, తగరం, జింకు వంటివి లోహ కణాలకు అతుక్కుని ఇక వదలవు. రంగుల్లో, నురుగు అణిచే మందుల్లో, అచ్చుల నుంచి వస్తువు ఊడిరావడానికి పూసే నూనెల్లో ఉండే సిలికాన్లు కాలి ఇసుక పొరగా మారి రంధ్రాల గోడలను కప్పేస్తాయి. దుమ్ము, జిడ్డు దారులను మూసేస్తాయి. నూనె జిడ్డునైతే వేడి చేసి కాల్చేయవచ్చు, దుమ్మును కడగవచ్చు. ఇసుక పొరకు, సీసానికి మందు లేదు.

రెండోది అతి వేడి. దిమ్మెలు 650 డిగ్రీలకు మించి చాలాసేపు కాలితే చెదురుగా ఉన్న లోహ కణాలు కదిలి ముద్దలు కడతాయి, పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది. మూడోది ద్రావణి మార్పు. కొనుగోలు విభాగం చవకగా దొరికిందని వేరే రంగు తెస్తే, అందులోని ఒక సంకలనం దిమ్మెలన్నిటినీ పాడుచేయవచ్చు. శుద్ధి యంత్రం చూసే ఇంజినీరుకు తెలియకుండా ముడిసరుకు మారకూడదు.

క్లోరిన్, నైట్రోజన్ ఉన్న ద్రావణులు

డైక్లోరోమీథేన్ వంటి ద్రావణిలో క్లోరిన్ ఉంటుంది. ఒక కిలో డైక్లోరోమీథేన్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 860 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తేమతో కలిసి ఆమ్లమై ఉక్కు గొట్టాలను తినేస్తుంది. కాబట్టి దిమ్మెల తర్వాత క్షారంతో కడిగే స్క్రబ్బర్ ఉండాలి, గొట్టాలకు తగిన లోహం వాడాలి. చర్య అసంపూర్తిగా జరిగినా, వేడి గాలి నెమ్మదిగా చల్లారినా డయాక్సిన్లు పుట్టే ప్రమాదముంది. ఇలాంటి గాలికి టైటానియం ఆక్సైడ్ మీద వనేడియం ఆక్సైడ్ వంటి ప్రత్యేక ఉత్ప్రేరకాలున్నాయి. డైమిథైల్ ఫార్మమైడ్, అసిటోనైట్రైల్, ట్రైఇథైలమీన్ వంటి వాటిలో నైట్రోజన్ ఉంటుంది. అవి కాలితే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ఒక కాలుష్యాన్ని మరోదానిగా మార్చకుండా ఉండాలంటే ఈ తేడా డిజైన్ దశలోనే తెలియాలి.

ఇతర పద్ధతులు

చల్లబరిచి పట్టుకోవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. అలా దొరికిన ద్రావణిని మళ్లీ వాడుకోవచ్చు. కానీ దానికీ హద్దుంది. గాలిని సున్నా డిగ్రీలకు చల్లబరిచినా ఘనపు మీటరులో సుమారు 36 గ్రాముల టోలీన్ ఆవిరిగానే మిగులుతుంది. డైక్లోరోమీథేన్ అయితే 700 గ్రాములకు పైగా మిగులుతుంది. కండెన్సర్ పెట్టాం, ఇక చాలు అనడం ఈ అంకెల ముందు నిలవదు.

ఉత్తేజిత బొగ్గు మీద అధిశోషణం పలచని ఆవిరులకు మంచిది. అయితే కీటోన్లు బొగ్గు మీద వేడెక్కి నిప్పంటుకున్న సందర్భాలున్నాయి. పెయింట్ బూత్‌లో మాదిరి గాలి ఎక్కువ, ఆవిరి తక్కువ ఉన్నచోట జియోలైట్ చక్రం వాడతారు. అది గంటకు కొన్ని చుట్లు మాత్రమే తిరుగుతూ ఆవిరిని పట్టి, పదింతలు లేదా అంతకన్నా చిక్కని చిన్న గాలి ప్రవాహంగా మార్చి ఇస్తుంది. ఆ చిక్కని గాలిని ఉత్ప్రేరకానికి పంపితే పైన చెప్పిన లెక్క ప్రకారం ఇంధనం లేకుండా నడుస్తుంది. సిరామిక్ గుట్టల్లో వేడిని దాచుకుంటూ దిశ మార్చుకునే రీజనరేటివ్ థర్మల్ ఆక్సిడైజర్ 95 శాతం దాకా వేడిని తిరిగి రాబడుతుంది, ఉత్ప్రేరక విషాల భయం దానికి లేదు. అందుకే పెద్ద పెయింట్ షాపులు ఎక్కువగా దీనివైపు మొగ్గుతాయి. చిన్న, నిలకడైన, శుభ్రమైన గాలికి మాత్రం ఉత్ప్రేరక యంత్రమే తక్కువ బరువు, తక్కువ చోటు, త్వరగా వేడెక్కే సౌలభ్యం ఇస్తుంది.

తెలుగు నేల మీద కష్టమైన గాలి: బల్క్ డ్రగ్స్

హైదరాబాద్‌లో 1960లలో ఐడీపీఎల్ ఔషధ కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చినవారు బయటికి వచ్చి సొంత సంస్థలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కె. అంజిరెడ్డి వారిలో ఒకరు. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్స్‌కు, అంటే మందుల ముడి రసాయనాలకు, నిలయాలయ్యాయి. తర్వాత విశాఖ దగ్గర పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ వెలిసింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైనవిగా ప్రకటించిన పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. పటాన్‌చెరు నీటి కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. ఆ ప్రాంతంలో ఉమ్మడి నీటి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. గాలి సంగతి మాత్రం ఆలస్యంగా పట్టించుకున్నారు. చెరువు రంగు మారితే కంటికి కనిపిస్తుంది, ఆవిరి కనిపించదు.

బల్క్ డ్రగ్ కర్మాగారం గాలి ఉత్ప్రేరకానికి ఎందుకు కష్టమో తెలియాలంటే సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడి చూడాలి. రియాక్టర్‌లో స్ఫటికాలు కట్టిన మందును ద్రావణితో సహా సెంట్రిఫ్యూజ్‌లోకి దింపుతారు. నైట్రోజన్ కప్పి తిప్పుతారు. మూత తీసి తడి ముద్దను ట్రేలకో, డ్రయ్యర్‌కో ఎత్తేటప్పుడు ఆవిరి గుప్పున లేస్తుంది. ఆ కాసేపు గాలి నిండా టోలీన్, తర్వాత గంటసేపు దాదాపు ఏమీ ఉండదు. మరునాడు అదే సెంట్రిఫ్యూజ్‌లో మిథనాల్, ఆ తర్వాత డైక్లోరోమీథేన్. నైట్రోజన్ ఎక్కువ ఉన్న గాలిలో ఆక్సీకరణానికి చాలినంత ఆక్సిజన్ కూడా ఉండదు. ఇంత చంచలమైన గాలిని నేరుగా దిమ్మెల మీదికి వదిలితే ఒకరోజు వేడి చాలదు, మరో రోజు మితిమీరుతుంది.

దీనికి దారి లేకపోలేదు. మూత తెరవకుండా వడకట్టి, అందులోనే ఆరబెట్టే యంత్రాలు వాడితే ఆవిరి లేచే అవకాశమే తగ్గుతుంది. క్లోరిన్ ఉన్న ద్రావణుల గొట్టాలను, లేనివాటి గొట్టాలను వేరు చేయాలి. రెండు దశల కండెన్సర్లతో ద్రావణిని తిరిగి పట్టాలి. మిగిలిన గాలికి తాజా గాలి కలిపి, బొగ్గు పొర వంటిదాంతో హెచ్చుతగ్గులను సమం చేసి, అప్పుడు ఆక్సిడైజర్‌కు పంపాలి. ఈ వరుసలో ఉత్ప్రేరకం ఆఖరి మెట్టు. ముందు మెట్లను వదిలేసి ఆఖరి మెట్టు మీదే భారం మోపినచోట అది నిలవదు.

భద్రత

ద్రావణి ఆవిరి గాలిలో ఒక హద్దు దాటితే నిప్పురవ్వకే పేలుతుంది. టోలీన్‌కు ఆ కనిష్ఠ హద్దు సుమారు 1.1 శాతం, అంటే ఘనపు మీటరుకు సుమారు 45 గ్రాములు. శుద్ధి యంత్రానికి వెళ్లే గాలిని ఆ హద్దులో నాలుగో వంతు లోపే ఉంచడం వాడుక. టోలీన్‌కు అది సుమారు 11 గ్రాములు. కండెన్సర్ దాటి వచ్చే 36 గ్రాముల గాలిని పలచన చేయకుండా పంపకూడదనడానికి కారణం ఇదే. డక్ట్‌లో ఆవిరి కొలిచే పరికరం, మంట వెనక్కి పాకకుండా ఆపే అడ్డు, పీడనం పెరిగితే తెరుచుకునే తలుపు తప్పనిసరి.

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి కారి, దాని ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది చనిపోయారు. ఆ ద్రావణి ఆవిరి గాలికన్నా మూడింతలు బరువు కాబట్టి నేల వెంట పాకుతుంది. సున్నా కన్నా చాలా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. అంతకుముందు 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో నిల్వ ట్యాంకులో వేడెక్కిన స్టైరీన్ ఊరి మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. పొగగొట్టం చివర ఏ యంత్రం ఉన్నా ఇలాంటి వాటిని ఆపలేదు. గొట్టం జాయింట్లు, ట్యాంకు చల్లదనం, ఆవిరి హెచ్చరిక గంటలు ఆపాలి. గాలి శుద్ధి, ప్రాణ భద్రత రెండూ ద్రావణిని పాత్రలోనే ఉంచడంతో మొదలవుతాయి.

పరిశోధన

హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో మొదలైంది. ఉత్ప్రేరక పరిశోధనలో దేశంలో పేరున్న కేంద్రాల్లో ఇదొకటి. అక్కడ బెంజరం మహీపాల్ రెడ్డి బృందం సీరియం ఆక్సైడ్ మిశ్రమాల మీద చేసిన పని అంతర్జాతీయ గుర్తింపు పొందింది. నగరంలోనే బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ సిరామిక్ తేనెపట్టు దిమ్మెల తయారీ మీద పనిచేసింది. ఒకచోట ఉత్ప్రేరకం, మరోచోట దిమ్మె, కాస్త దూరంలోనే శుద్ధి కావాల్సిన గాలి ఉన్నాయి. క్లోరిన్‌ను తట్టుకునే చవకైన ఆక్సైడ్ ఉత్ప్రేరకాలు, తక్కువ ఉష్ణోగ్రతకే రాజుకునేవి ఇప్పటి పరిశోధనలో ముఖ్యమైన లక్ష్యాలు.

చట్టం, కొలత

1981 వాయు కాలుష్య నివారణ చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం దేశంలో ఆధారం. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. కర్మాగారం కట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ అనే సమ్మతి పత్రాలు మండలే ఇస్తుంది. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం పరిసర గాలిలో బెంజీన్ వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, ఓజోన్ 8 గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. 1996లో వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో తోలు శుద్ధి కర్మాగారాల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగంగా ప్రకటించింది. ఆ కేసు పుట్టింది బైరెడ్డిపల్లెకు పొరుగునున్న తోలు పట్టణాల నుంచే. అది నీటికి సంబంధించిన కేసైనా ఆ సూత్రం గాలికీ వర్తిస్తుంది.

పొగగొట్టంలో మిగిలిన ఆవిరిని జ్వాలా అయనీకరణ పరికరంతో కొలుస్తారు. ఏ ద్రావణి ఎంత ఉందో విడిగా తెలియాలంటే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ కావాలి. అయితే పొగగొట్టం కొలత ఒక్కటే అసలు సంగతి చెప్పదు, మూత తీసినప్పుడు కిటికీలోంచి పోయింది ఆ గొట్టంలోకి రానే రాదు. నమ్మదగిన కొలత ద్రావణి జమాఖర్చు. ఏడాదిలో కొన్నది ఎంత, తిరిగి పట్టినది ఎంత, వ్యర్థంగా పంపినది ఎంత, శుద్ధి యంత్రంలో కాలినది ఎంత అని రాసి చూస్తే, లెక్కకు రానిది గాలిలో, నీటిలో కలిసిందని తేలిపోతుంది. 1999 ఐరోపా ఆదేశం పెద్ద వాడకందారుల నుంచి ఇలాంటి లెక్కనే అడిగింది.

2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. పటాన్‌చెరులో కర్మాగారాలు ముందొచ్చాయి, శుద్ధి తర్వాత వెనకబడి నడిచింది. నక్కపల్లిలో ఆ వరుసను తిరగేసే వీలుంది. క్లోరిన్ గొట్టాల వేర్పాటు, మూత తెరవని యంత్రాలు, ద్రావణి రికవరీ, చివర సరైన ఆక్సిడైజర్, ఊళ్లకు అందుబాటులో ఉండే ద్రావణి జమాఖర్చు కాగితం మీదున్నప్పుడే డిజైన్‌లో చేర్చవచ్చు. గోడలు లేచాక అదే పని ఖర్చుతో, కోర్టు కేసులతో, ఊరివాళ్ల ఆరోగ్యం దెబ్బతిన్న తర్వాత చేయాల్సి వస్తుంది.